అతికించకండి మహాప్రభో!

ఈమధ్య హైదరాబాదులో ఎవరి కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్ళినా ఒకటే సరంజామా. హాల్లో గోడంత టీవీ, దాని వెనకాల రాయిలా కనిపించే పలకలు, సీలింగులో లెక్కపెట్టలేనన్ని లైట్లు, సోఫా వెనక పరిగెడుతున్న ఏడు గుర్రాలు. ఆ గుర్రాల జోలికి నేను పోను. వాస్తు ప్రకారం పరిగెడుతున్నాయి, పరిగెట్టనివ్వండి. నా గొడవంతా ఆ పక్క గోడతో. అక్కడ ఒక ఆర్టిస్టు తన చేత్తో అచ్చు తీసి, పెన్సిల్‌తో సంతకం పెట్టిన కాగితం ఉంటుంది. దానికి కూడా గుర్రాలకి చేసిన మర్యాదే చేస్తారు. చెక్కకి జిగురు పూసి అతికించి, పైన ప్లాస్టిక్ తొడిగి, నాలుగు అంచులూ సాపు చేసి తగిలించేస్తారు. దీన్ని మనవాళ్ళు "ఫ్రేమ్ చేయించాం" అంటారు. నేనైతే హత్య అంటాను. మరీ పెద్ద మాట అనుకునేవాళ్ళు చివరిదాకా చదివాక నాతో పోట్లాడండి.

మా టీములో ఒకాయన ఉన్నాడు. నాకంటే నాలుగేళ్ళు సీనియర్, నేను అన్నా అని పిలుస్తాను. బొమ్మలంటే నిజంగా ఇష్టమున్న మనిషి. కొన్నేళ్ళ క్రితం ఒక ఎగ్జిబిషన్‌లో ఎచింగ్ ఒకటి కొన్నాడు. కింద ఎడమవైపు పెన్సిల్‌తో 11/30 అని నంబరు, కుడివైపు సంతకం. చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు తెల్ల కాగితం. కొత్త ఇంటి పని ఇంటీరియర్ వాళ్ళకి అప్పజెప్పినప్పుడు దీన్ని కూడా వాళ్ళ చేతిలో పెట్టాడు. గోడ మీద పెట్టబోయే మిగతా రెండు ఫ్రేములతో సైజు కుదరలేదని వాళ్ళు ఆ తెల్ల మార్జిను నాలుగు పక్కలా కోసేశారు. నంబరు పోయింది, సంతకం పోయింది. మిగిలిన దాన్ని ఎండీఎఫ్ చెక్కకి అతికించి, పైన మాట్ ఫినిష్ ఫిల్మ్ వేసి వేడితో నొక్కేశారు. "ఇప్పుడు తడిగుడ్డతో తుడుచుకోవచ్చు సార్" అని ఒక ఉచిత సలహా కూడా ఇచ్చారట.

అన్న ఏమీ అనలేదు. ఆయన మంచివాడు. నేను కాదు, అందుకే ఈ టపా.

ఈ సంగతి ఆఫీసులో చెప్తే పదిమందిలో తొమ్మిదిమంది అన్న మాట ఒకటే. "ప్రింటే కదా, ఇంకోటి తీయించుకుంటే పోలా?" అసలు జబ్బు ఈ మాటలోనే ఉంది. మన బుర్రలో ప్రింటంటే కంట్రోల్ పీ నొక్కితే బయటికొచ్చేది. ఫైలు ఎక్కడో భద్రంగా ఉంటుంది, కాగితం పోతే ఇంకో కాగితం. కానీ ఎచింగ్‌కి ఫైలు లేదండీ. రాగిదో, జింకుదో ఒక పలక తీసుకుని, దాని మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. పలకని ఆమ్లంలో ముంచితే ఆ గీతల్లోనే లోహం తినేస్తుంది. ఎంతసేపు ముంచితే గీత అంత లోతు, అచ్చులో అంత నలుపు. తర్వాత ఆ గీతల్లోకి ఇంకు కూరి, పైపైన ఉన్నది గుడ్డతోనో, అరచేత్తోనో తుడిచి, తడిపిన కాగితం పరిచి, బరువైన రోలర్ల మధ్య నుంచి లాగుతారు. ఒక్కో కాగితానికీ ఇదంతా మళ్ళీ మొదటినుంచి, ఇంకు పెట్టు, తుడువు, లాగు. తుడిచే చెయ్యి కొంచెం మారితే అచ్చు కూడా కొంచెం మారుతుంది. పలక అరుగుతుంది కాబట్టి ఎన్ని తీయాలో ముందే ఒక లెక్క అనుకుంటారు. ముప్ఫై అనుకుంటే ముప్ఫై. తర్వాత పలక మీద అడ్డంగా గీతలు కొట్టి దాన్ని పనికిరాకుండా చేసేవాళ్ళూ ఉన్నారు. అంటే 11/30 అన్నది జిరాక్సు నంబరు కాదు. ఆ ముప్ఫైమంది అన్నదమ్ముల్లో వీడు పదకొండో వాడు.

ఇంకో సంగతి. బరువుకి పలక అంచు కాగితంలోకి దిగబడి, బొమ్మ చుట్టూ సన్నటి పల్లం ఒకటి ఏర్పడుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది (తడమకండి, మాటవరసకి అన్నాను). అది నిజమైన ఎచింగ్ అనడానికి ఒక గుర్తు. వేడి ప్రెస్సులో పెట్టి చెక్కకి నొక్కితే ముందు చచ్చేది ఆ పల్లమే. కాగితం చపాతీలా సాపవుతుంది. సాపుగా వచ్చిందని మనం సంతోషిస్తాం.

మనకి ఈ విద్య కొత్తేమీ కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని వచ్చాడు. ఆయన ఎచింగ్‌ల్లో మేకలూ, చెట్లూ, మనుషులూ ఒకళ్ళలోంచి ఒకళ్ళు మొలుచుకొస్తుంటారు. తెలంగాణ పల్లెని అంత నిర్మొహమాటంగా గీసినవాడు ఇంకొకడు నాకు తెలియదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్లో పిల్లలకి పాఠాలు కూడా చెప్పాడు. 2016లో పద్మశ్రీ ఇచ్చారు. తోట వైకుంఠం గారి నుదుటిన పెద్ద బొట్లున్న ఆడవాళ్ళయితే సిల్కు స్క్రీన్ ప్రింట్లుగా చాలా ఇళ్ళకి చేరారు. అది ఇంకో పద్ధతి, ఒక్కో రంగుకీ ఒక్కో తెర. అసలు పెయింటింగ్ కొనే స్తోమత మనలో ఎంతమందికి ఉంది? నెలజీతంతో బతికే మనలాంటివాడికి అసలైన కళ అందే దారి ఒక్కటే, కాగితం మీద అచ్చు. ఆ ఒక్క దారిలో వచ్చినదాన్ని కూడా మనమే చేతులారా ప్లాస్టిక్‌లో చుట్టి పాతేస్తున్నాం. నా కోపం ఇక్కడ.

సరే, జిగురు సంగతికొద్దాం.

మనందరికీ తెలిసిన భాషలో చెప్తాను. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి ఒక మార్పు పంపాలి. రోల్‌బ్యాక్ ప్లాన్ లేదు. మీరు ఒప్పుకుంటారా? మీ మేనేజరు ఒప్పుకుంటాడా? బ్యాకప్ లేని డేటాబేసు మీద ఎవరైనా డిలీట్ కమాండు కొడితే మనం వాణ్ణి బతకనిస్తామా? కాగితానికి వైద్యం చేసే కన్జర్వేషన్ వాళ్ళ మొదటి సూత్రం కూడా సరిగ్గా ఇదే. కాగితానికి ఏం చేసినా మళ్ళీ వెనక్కి తీయగలిగేలా చెయ్యాలి. యాభై ఏళ్ళ తర్వాత ఎవరో ఆ ఫ్రేము విప్పితే, లోపలి కాగితం ఈరోజు ఎలా ఉందో అలా బయటికి రావాలి. ఫెవికాల్ గొప్ప సరుకే, టేబుల్ కాలికి. దాని గొప్పతనమంతా ఊడకపోవడంలోనే ఉంది కదా! కాగితానికి ఆ గుణమే శాపం. మొత్తం వెనకభాగానికి పూసి చెక్కకి అంటించాక దాన్ని విడదీయడమంటే చర్మం ఒలవడమే. ఇక లామినేషన్ సంగతి చెప్పక్కర్లేదు, వెనక చెక్క, ముందు ప్లాస్టిక్, మధ్యలో సమాధి.

సెల్లో టేపు వాళ్ళు ఇంకో రకం. "మేం జిగురు పూయలేదండీ, వెనకాల చిన్న టేపు ముక్కలే" అంటారు. ఇంట్లో పాత పుస్తకం ఏదైనా తీసి, చిరిగిన పేజీకి చిన్నప్పుడు అంటించిన టేపు ఎలా ఉందో చూడండి. ప్లాస్టిక్ ఊడి ఎక్కడో పడిపోయి ఉంటుంది. దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకిపోయి ముదురు పసుపు మరక అయి కూర్చుంటుంది. పట్టుకోవాల్సిన పని మానేసి పాడుచేసే పని మాత్రం జీవితాంతం చేస్తుంది. (ఇలాంటి కోడు మా ప్రాజెక్టులోనూ ఉంది. రాసినవాడు ఎప్పుడో కంపెనీ మారిపోయాడు.)

మరి అతికించకుండా కాగితం ఎలా నిలబడుతుంది? నేను ఒక లినోకట్ తీసుకుని మా దగ్గర్లోని పటాలు కట్టే షాపుకి వెళ్ళినప్పుడు ఆ షాపాయన కూడా ఇదే అడిగాడు. యాభై దాటిన మనిషి, ముప్ఫై ఏళ్ళుగా అదే పని.

"అన్నా, దీన్ని అతికించొద్దు," అన్నాను.

"అతికించకపోతే అలలు అలలుగ వస్తది సార్. వానాకాలం రాంగనే ఉబ్బుతది. మళ్ళ మీరే వచ్చి నన్నంటరు."

"అననన్నా. ఉబ్బితే ఉబ్బనీ. పైన రెండుచోట్ల పట్టుకుంటే చాలు, కింద వదిలెయ్యి."

"రెండుచోట్లనా?" అని నావైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. క్లయింటు పిచ్చి రిక్వైర్‌మెంటు చెప్పినప్పుడు మనం చూసే చూపు :)

కానీ విన్నాడు. అదీ ముఖ్యం. కూర్చోబెట్టి టీ తెప్పించాడు, నేను చెప్పిందంతా విన్నాడు, ఎక్కడ కుదరదో తనూ చెప్పాడు. నేను తీసుకెళ్ళిన కాటన్ అట్ట చూసి వేలితో మీటి, "మంచిగున్నది ఇది, ఎక్కడ దొరికింది?" అని అడిగాడు. చివరికి ఒక మాట అన్నాడు, "ముప్ఫై ఏండ్లల్ల అతికించొద్దు అన్నోడివి నువ్వే సార్. అందరు గట్టిగ అతికియ్యి, ఊడొద్దు అంటరు." అందుకే షాపులవాళ్ళని తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. వాళ్ళు మనం అడిగిందే చేస్తున్నారు. అడగడం రానిది మనకి. తప్పు రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో ఉంటే టెస్టర్‌ని తిట్టి ఏం లాభం?

ఆయన అన్న "ఉబ్బుతది" మాట మాత్రం అక్షరాలా నిజం. కాగితం చెమ్మ పీల్చుకుంటే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఏప్రిల్ హైదరాబాదుకీ ఆగస్టు హైదరాబాదుకీ గాలిలో ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు. విశాఖలోనో, కాకినాడలోనో ఉన్నవాళ్ళకి ఏడాది పొడుగునా ఉక్కపోతే. నాలుగు మూలలా బిగించి కట్టేస్తే సాగిన కాగితానికి పోయే దారి లేక మధ్యలో ఉబ్బుతుంది, ముడుచుకునేటప్పుడు చిరగొచ్చు కూడా. అందుకే పైన రెండుచోట్ల మాత్రమే పట్టుకుని కింద వదిలేస్తారు, తీగ మీద ఆరేసిన పంచెలాగా. చిన్నగా ఒక అల వస్తే రానివ్వండి. అది కాగితం, దాని లక్షణం అది. గాజు పలకలా ఉండాలంటే గాజునే కొనుక్కోండి.

పట్టుకోవడానికి వాడేది జపాన్ కాగితం. మల్బరీ జాతి చెట్టు బెరడు నారతో చేస్తారు, పల్చగా ఉన్నా పోగులు పొడుగు కాబట్టి గట్టిగా ఉంటుంది. దాన్ని అంటించడానికి గోధుమ గంజి. గోధుమపిండిలోంచి జిగటగా ఉండే గ్లూటెన్ కడిగేస్తే మిగిలేదాన్ని ఉడికించి చేసింది. సినిమా పోస్టర్లకి బకెట్లో కలిపే మైదాపిండి జిగురు అనుకుని పొరబడకండి, చుట్టరికం ఉంది గానీ అది ఇది కాదు. దీని గొప్ప ఏమిటంటే కొంచెం నీటి తడి చూపిస్తే మర్యాదగా వదిలేస్తుంది. ఇందులో నాకు భలే నచ్చిన ఇంజనీరింగ్ ఒకటుంది. ఆ పట్టీ ఎప్పుడూ బొమ్మ కాగితం కంటే బలహీనంగా ఉండాలి. ఫ్రేము జారి కింద పడిందనుకోండి, తెగేది పట్టీ కావాలి గానీ బొమ్మ కాకూడదు. అచ్చంగా ఇంట్లో ఫ్యూజు. మనం ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివి, ఇంట్లో ఫ్యూజు తీసేసి దాని స్థానంలో ఇనపకడ్డీ పెట్టే రకంగా పటాలు కట్టిస్తున్నాం.

ఈ పట్టీలు కూడా వద్దనుకుంటే ఇంకా సులువైన దారి ఉంది, కాగితంతో చేసిన మూలలు. మీ ఇంట్లో పాత నలుపు-తెలుపు ఫోటోల ఆల్బమ్ ఉంటే చూడండి. నల్ల అట్ట మీద ఫోటో నాలుగు కొనలకీ చిన్న త్రికోణాలు ఉంటాయి. జిగురు త్రికోణానికే, ఫోటోకి చుక్క కూడా అంటదు. మా అమ్మమ్మ పెళ్ళి ఫోటోలు ఈరోజుకీ ఆ త్రికోణాల్లోంచి తీసి మళ్ళీ పెట్టొచ్చు. తర్వాత వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లో మా అమ్మ పెళ్ళి ఫోటోలు ఇరుక్కుపోయాయి, లాగితే చిరుగుతాయి. టెక్నాలజీ ముందుకే పోతుందని ఎవరన్నారో గానీ.

ఇక వెనక పెట్టే అట్ట. ఇక్కడే అసలు డబ్బు విషయం బయటపడుతుంది. జనం ఫ్రేము చెక్క మీద, దాని బంగారు రంగు నగిషీ మీద వేలు ఖర్చు పెడతారు. బొమ్మని తాకే అట్ట దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి పెట్టు బాబూ, కనపడేదా ఏమన్నానా" అంటారు. యూఐకి బడ్జెట్ ఉంటుంది, బ్యాకెండుకి ఉండదు, ఇది మన జాతి లక్షణం కాబోలు. ఆ కనపడని అట్టే బొమ్మని చంపేది. చెక్క గుజ్జుతో చేసిన చవక అట్టల్లో, హార్డ్‌బోర్డులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. అది గాలికీ వెలుతురికీ పసుపెక్కుతుంది, ఆమ్లాలు పుట్టిస్తుంది. న్యూస్ పేపరు రెండ్రోజులు ఎండలో వదిలేస్తే ఏమవుతుందో అదే, నెమ్మదిగా. ఆ ఆమ్లం అట్టలోంచి బొమ్మ కాగితంలోకి పాకుతుంది. ఎండీఎఫ్‌లో అయితే చెక్కపొట్టుని పట్టి ఉంచే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ కూడా వస్తూ ఉంటుంది. చుట్టూ కిటికీలా కోసి పెట్టే మౌంటు అట్ట చవకదైతే, కొన్నేళ్ళకి దాని అంచు వెంబడే బొమ్మ మీద గోధుమరంగు గీత పడుతుంది, ఇస్త్రీపెట్టె కాల్చినట్టు. పాత పటాలు విప్పించినవాళ్ళందరికీ ఆ గీత పరిచయమే.

అందుకని కాటన్ అట్ట అడగాలి, ముందు మౌంటుకీ వెనక అట్టకీ కూడా. లేదా లిగ్నిన్ తీసేసి, ఆమ్లాన్ని అణచడానికి కాల్షియం కార్బొనేట్ కలిపిన అట్ట. "యాసిడ్ ఫ్రీ" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయకండి, లోపల మామూలు గుజ్జు ఉంచి పైపైన కాగితం మాత్రం మంచిది అంటించినవి కూడా దొరుకుతాయి. కోసిన అంచు చూసి, లోపలిది దేనితో చేశారని అడగండి. నాకు మొత్తం పటానికి అయిన అదనపు ఖర్చు, రెండు వారాంతాలు బయట తిండి మానేస్తే వచ్చేంత. బిర్యానీకి లేని బాధ అట్టకెందుకో!

ముందు మౌంటు అలంకారమని చాలామంది అనుకుంటారు. "ఆ తెల్ల బార్డర్ తీసేస్తే బొమ్మ పెద్దగా కనిపిస్తుంది కదా" అంటారు. దాని అసలు పని గాజునీ బొమ్మనీ విడదీసి ఉంచడం. గాజు కాగితాన్ని తాకుతూ ఉంటే, చెమ్మ గాజు లోపలివైపు పట్టినప్పుడు తిన్నగా బొమ్మలోకి దిగుతుంది. బూజు అక్కడే మొదలవుతుంది. ఫోటోలయితే గాజుకే అతుక్కుపోతాయి. మధ్యలో మిల్లీమీటరున్నర ఖాళీ ఉన్నా చాలు, గాలి ఆడుతుంది.

వెలుతురు దగ్గర ఇంకో రకం జనం తగులుతారు, వీళ్ళు అన్నీ తెలిసినవాళ్ళు. యూవీ గ్లాసు పెట్టించి, బిల్లు నాకు చూపించి, ఆ పటాన్ని తీసుకెళ్ళి బాల్కనీ తలుపుకి ఎదురుగా తగిలిస్తారు. యూవీ గ్లాసు మంచిదే, ఉండాల్సిందే. మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. కానీ రంగుల్ని తినేది ఒక్క యూవీనే కాదు, మన కంటికి కనపడే వెలుతురు కూడా తింటుంది. దాన్ని ఆపే గాజు పెడితే బొమ్మే కనపడదు! మ్యూజియాల్లో కాగితం మీది బొమ్మలకి పెట్టుకున్న లెక్క సుమారు 50 లక్స్. నడినెత్తి సూర్యుడి ఎండ నేరుగా పడితే అది లక్ష లక్స్ దాకా ఉంటుంది. వెలుతురు చేసే నష్టం కూడిక లెక్క, ఒకసారి పడ్డది పోదు, దాని మీద ఇంకోటి చేరుతుంది. అంటే ఒక గంట అలాంటి ఎండ, మ్యూజియం వెలుతుర్లో రెండు వేల గంటలతో సమానం. రోజుకి ఎనిమిది గంటలు తలుపులు తీసే మ్యూజియంలో 250 రోజులు. మన బాల్కనీ ఒక మధ్యాహ్నం చేసే పని అది. కిటికీ లేని గోడకి తగిలించండి, లేకపోతే కర్టెన్ వేయండి. ఆ స్పాట్‌లైటు గురించి మీ ఇంటీరియర్ డిజైనరుతో కాస్త మాట్లాడండి, బొమ్మని పోలీస్ స్టేషన్‌లో నిందితుడిలా నిలబెట్టక్కర్లేదు.

"మా తాతగారి కాలంలో ఈ కాటన్ అట్టలూ, జపాన్ కాగితాలూ ఉన్నాయా? అయినా పటాలు వందేళ్ళు నిలబడలేదా?" ఇది మా బాబాయి వాదన. పెద్దాయన కాబట్టి ఇంట్లో ఎదురు చెప్పలేదు, ఇక్కడ చెప్తాను. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మినీ సరస్వతినీ రంగుల్లో అచ్చువేసి ఇంటింటికీ పంపాడు. రంగుకో రాయి చొప్పున అచ్చువేసి, పైన వార్నిష్ పూసేవాళ్ళు, నూనెరంగుల బొమ్మలా మెరవాలని. అలాంటి లక్ష్మి ఒకటి మా అమ్మమ్మగారింట్లో ఉంది, టేకు ఫ్రేములో. రెండేళ్ళ క్రితం దాన్ని విప్పించాం. వెనక పెట్టినవి చెక్క పలకలు. రెండు పలకల మధ్య సందు ఎక్కడుందో సరిగ్గా అక్కడే, లక్ష్మీదేవి చీర మీదుగా పైనుంచి కిందికి ఒక గోధుమరంగు చార. నిలబడిందంటే నిలబడింది, చారతో నిలబడింది.

కానీ బాబాయి చూడని విషయం ఇంకోటుంది, అది ఆయన పక్షానే ఉంది. ఆ పాతకాలం పనివాడు ఎక్కడా జిగురు పూయలేదు. నాలుగు వైపులా సన్న మేకులు కొట్టి వదిలాడు. మేకులు పీకాం, పలకలు తీశాం, లక్ష్మి చేతిలోకి వచ్చేసింది. మంచి అట్ట పెట్టి మళ్ళీ అదే టేకు ఫ్రేములో కట్టించాం. చార పోదు గానీ ఇంకోటి పడదు. చదువురాని కాలం అనుకునే ఆ కాలంలో కట్టిన పటాన్ని ఈరోజు బాగుచేసుకోగలిగాం. బీటెక్కులు చదివిన మనం ఈరోజు కట్టిస్తున్న లామినేషన్‌ని మన మనవలు ఏం చేసుకుంటారు?

లామినేషనే పాపమని నేను అనడం లేదు. పెళ్ళి ఫోటోలు, క్యాలెండర్ దేవుళ్ళు, పిల్లల డాన్స్ ఫోటోలు, మీ ఏడు గుర్రాలు, అన్నీ శుభ్రంగా లామినేట్ చేయించుకోండి. ఫైలు మీ దగ్గర ఉంది, పోతే ఇంకోటి. దేవుడి పటానికి కర్పూరం పొగా, కుంకుమా తగలకుండా ఎలాగూ ఉండవు, గాజు పగిలితే రావిచెట్టు కింద పెట్టి వస్తాం, దాని బతుకు వేరు. చందమామ పాత సంచికల మీది వపా బొమ్మల్ని చింపి పటాలు కట్టించే మిత్రులకి కూడా అదే మాట. చింపకండి. మంచి స్కానింగు తీయించి, ఆ స్కానుని ప్రింటు చేయించి, దాన్ని ఎలా కావాలంటే అలా అతికించుకోండి. అసలు సంచికని చీకటిలో, చల్లగా, మంచి కాగితపు కవర్లో ఉంచండి.

గొడవల్లా ఇంకోటి దొరకని కాగితంతోనే. ఇంకోటి దొరకనిదో కాదో తెలియకపోతే పెన్సిలు సంతకం, నంబరు, పలక పల్లం ఉన్నాయేమో చూడండి. అనుమానంగా ఉంటే దొరకదనే అనుకోండి. షాపుకి ఇచ్చేటప్పుడు నోటిమాటగా వదిలేయకండి, రసీదు మీద రాయించండి, "కోయరాదు, అతికించరాదు, టేపు వేయరాదు" అని. ఇంటీరియర్ వాళ్ళ చేతికి అసలు ఇవ్వకండి, సైజులు కుదరకపోతే ఫ్రేము సైజు మార్చుకోవాలి గానీ బొమ్మది కాదు. ఇదివరకే చెక్కకి అతికించినది మీ ఇంట్లో ఉంటే, ఆవేశపడి బ్లేడు తీసుకుని గీకడం మొదలుపెట్టకండి. కాగితం కన్జర్వేషన్ చేసేవాళ్ళకి చూపించేదాకా దాన్ని అలాగే ఎండకి దూరంగా పెట్టండి.

తగిలించేటప్పుడు ఫ్రేము వెనక కింది రెండు మూలలకీ చిన్న రబ్బరు బిళ్ళలు పెట్టించండి, గోడకీ పటానికీ మధ్య గాలి ఆడాలి. వానకి తడిసే బయటి గోడ వద్దు. మేకు కొట్టేముందు ఆ గోడకి అవతలివైపు బాత్రూమ్ ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి.